నేలపక్షికి తగిన తూటా: టర్కీ కోడి, నెమలి, అడవికోడి

ఎగరడం తెలిసినా మేత, గూడు, జత కట్టడం అన్నీ నేల మీదే సాగించే పెద్ద పక్షుల్ని నేలపక్షులు అనవచ్చు. ఉత్తర అమెరికాలోని అడవి టర్కీ కోడి, మన దేశంలోని నెమలి, అడవికోడి, బట్టమేకపక్షి ఈ కోవలోకి వస్తాయి. వీటిలో బట్టమేకను మినహాయిస్తే మిగిలిన మూడూ ఫేజియానిడే అనే ఒకే కుటుంబానికి చెందినవి. ఇలాంటి పక్షిని వేటాడటానికి ఏ తుపాకీ, ఏ తూటా తగినవి అన్న ప్రశ్న మీద అమెరికా వేటగాళ్ల మధ్య నూరేళ్లకు పైగా చర్చ నడుస్తోంది. ఈ వ్యాసం ఆ చర్చలోని సాంకేతిక విషయాల్ని సమీక్షించి, వాటిని తమిళనాడులో ధర్మపురి జిల్లా బి. మల్లాపురం పరిసరాలకు అన్వయిస్తుంది. ఇందులో ప్రధాన వాదన ఒక్కటే. నేలపక్షి వేటలో తుపాకీని అది ఎంత చంపగలదో చూసి కాక, ఎంత చెడకుండా మిగల్చగలదో చూసి కొలవాలి. పక్షి మాంసం మిగలాలి, చుట్టుపక్కల మనిషి మిగలాలి, పక్షి జాతి మిగలాలి. ఈ కొలతను మధ్యలో వదలకుండా చివరిదాకా పట్టుకుపోతే, మన నేలలో తుపాకీని దించేయడమే సరైన ఎంపిక అని తేలుతుంది.

పక్షి ఒళ్లు, దెబ్బ తగలాల్సిన చోటు

తూటా సంగతి మాట్లాడే ముందు పక్షి ఒళ్లు తెలియాలి. ఎదిగిన అడవి టర్కీ పుంజు 7 నుంచి 11 కిలోల దాకా తూగుతుంది, పెట్ట అందులో సగం ఉంటుంది. మగ నెమలి 4 నుంచి 6 కిలోలు, అడవికోడి కిలోకు అటూ ఇటూ. చూపుకు టర్కీ పుంజు పెద్ద పక్షే కానీ, ఆ పెద్దతనంలో ఎక్కువ భాగం ఈకలు, రొమ్ము కండ. గుండె, ఊపిరితిత్తులు, వెన్ను కలిసే చోటు పిడికిలి కంటే పెద్దగా ఉండదు. అది రెక్క మొదలు దగ్గర, చూసేవాడు ఊహించినదానికంటే వెనగ్గా, ఎగువన ఉంటుంది. పుంజు ఈకలు విప్పి ఆడుతున్నప్పుడు ఆకారం రెట్టింపై కనబడుతుంది కాబట్టి ఆ చోటు ఎక్కడో పోల్చుకోవడం మరీ కష్టం. పైగా టర్కీ కోడి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు, అవసరమైతే రెట్టింపు వేగంతో ఎగరగలదు. కడుపులోనో తొడలోనో దెబ్బ తిన్న పక్షి పొదల్లోకి దూరి, వేటగాడికి చిక్కకుండా, నాలుగు రోజులు నరకం అనుభవించి చస్తుంది. అందుకే నేలపక్షి వేటలో మొదటి నియమం శక్తికి సంబంధించింది కాదు, గురికి సంబంధించింది. పిడికెడు చోటును ఎంత దూరం నుంచి తప్పకుండా కొట్టగలడో ఆ దూరమే ఆ మనిషికి, ఆ తుపాకీకి హద్దు.

రవ్వల తుపాకీ, రైఫిలు

ఈ పిడికెడు చోటును కొట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది నున్నటి గొట్టం గల రవ్వల తుపాకీ, అంటే షాట్‌గన్. 12 బోరు తూటాలో 32 గ్రాముల సీసం ఉంటే, నాలుగో నంబరు రవ్వలు నూటయాభైకి పైగా పడతాయి. అవి గొట్టం దాటాక జల్లులా విచ్చుకుంటాయి. వేటగాడు పక్షి ఒంటిని వదిలేసి తలనూ మెడనూ గురిచూస్తాడు. జల్లులో ఏ నాలుగైదు రవ్వలో మెదడుకో మెడవెన్నుకో తగిలితే పక్షి ఉన్నచోటే పడిపోతుంది, రొమ్ము మాంసం చెక్కుచెదరదు. గొట్టం కొసను సన్నగిల్లజేసే చోక్ ఉంటే జల్లు ఇంకాస్త దూరం కలిసికట్టుగా పోతుంది. అయినా మామూలు సీసపు రవ్వలతో 35, 40 మీటర్లు దాటితే జల్లులో సందులు పెరుగుతాయి, ఒక్కో రవ్వలో దమ్ము తగ్గుతుంది. గొట్టం దాటే క్షణంలోనే ఒక్కో రవ్వ శక్తి 15 జౌల్స్‌కు అటూ ఇటూ ఉంటుంది. దాని బలమంతా గుంపులోనే ఉంది.

రెండో దారి రైఫిలు. దాని గొట్టం లోపల మర గాడులుంటాయి. వాటి వల్ల గుండు బొంగరంలా తిరుగుతూ పోయి, గాలిలో తూలకుండా చెప్పిన చోటికి చేరుతుంది. ఒకే గుండు, ఒకే రంధ్రం, నూరు మీటర్ల అవతలి పక్షిని కూడా అందుకునే చేవ. చెట్టుచేమ తక్కువున్న అమెరికా పడమటి బయళ్లలో, టెక్సాస్ పచ్చికల్లో, టర్కీ కోడి నలభై మీటర్ల లోపుకు రానివ్వని చోట్ల రైఫిలుకు ఆదరణ అందుకే ఉంది. రెండింటినీ ఒకే చేతికి ఇవ్వాలన్న ఆలోచనతో పుట్టిందే జంట తుపాకీ. 1950లో వచ్చిన సావేజ్ మోడల్ 24లో పై గొట్టం రైఫిలు, కింది గొట్టం రవ్వలది. దగ్గర పక్షికి కింది గొట్టం, దూరపు పక్షికి పై గొట్టం. ఈ తుపాకీ అన్నేళ్లు అమ్ముడుపోవడమే ఒక సాక్ష్యం: రెండు దారుల్లో ఏదీ అన్ని పరిస్థితులకూ సరిపోదని వేటగాళ్లే గుర్తించారు.

తూటా శక్తి: ఎంత చాలు?

రైఫిలు అనుకున్నాక తూటా ప్రశ్న వస్తుంది. గుండు బరువును, వేగాన్ని బట్టి దాని శక్తిని జౌల్స్‌లో లెక్కగడతారు. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. అందుకే చిన్న గుండైనా వేగం హెచ్చితే పెద్ద గాయం చేస్తుంది. అన్నిటికంటే చవకైన .22 లాంగ్ రైఫిల్ తూటాలో 2.6 గ్రాముల గుండు సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో పోతుంది, శక్తి 140 జౌల్స్. అడవికోడి వంటి కిలో పక్షికి ఇది ఎక్కువే. టర్కీ పుంజుకు తలలో తగిలితేనే చాలు, ఒంట్లో తగిలితే పక్షి పారిపోయే అవకాశం ఉంది. 1959లో వచ్చిన .22 మాగ్నమ్ అదే బరువు గుండును సెకనుకు 570 మీటర్ల వేగంతో తోస్తుంది, శక్తి 425 జౌల్స్. 2002 నాటి .17 హెచ్‌ఎమ్‌ఆర్‌లో గుండు బరువు 1.1 గ్రాము మాత్రమే, శక్తి 330 జౌల్స్. గురి అద్భుతమే కానీ ఆ సన్న గుండు కండలో తొందరగా పగిలిపోతుంది, లోతుకు పోదు.

వీటి పైమెట్టు మీద .22 హార్నెట్ ఉంది. 1930లలో వాడుకలోకి వచ్చిన ఈ తూటా 2.9 గ్రాముల గుండుకు సెకనుకు 820 మీటర్ల వేగం, 980 జౌల్స్ శక్తి ఇస్తుంది. నూరు, నూటముప్పై మీటర్ల దాకా పిడికెడు చోటును కొట్టగలదు. దానికంటే పాతవైన .25-20, .32-20 వించెస్టర్ తూటాలు పంతొమ్మిదో శతాబ్ది చివరివి. వాటి గుండ్లు బరువు, వేగం తక్కువ, శక్తి 450, 550 జౌల్స్ ప్రాంతంలో. ఆ నెమ్మది గుండు కండను చీల్చకుండా తొలుచుకుపోతుంది కాబట్టి తినే పక్షికి అవి బాగా పనికొచ్చాయి. ఇంకో మెట్టు ఎక్కితే 1964 నాటి .223 రెమింగ్టన్, 1,740 జౌల్స్. మెత్తని మొనగల గుండుతో ఇది రొమ్ములో తగిలితే సగం మాంసం నెత్తురు కక్కిన ముద్దవుతుంది. బెంగళూరు రచయిత, వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ పాత సేలం జిల్లా అడవుల్లోనూ, చిత్తూరు జిల్లా మామండూరు, చామల లోయల్లోనూ మనుషుల్ని తినే పులుల వెంట మోసుకు తిరిగిన .405 వించెస్టర్ తూటా శక్తి 4,300 జౌల్స్ పైచిలుకు. పులి ముందు నిలబడే మనిషికి అది కావలసిందే. దాన్ని పక్షి మీదికి ఎత్తడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే అవుతుంది.

ఈ మెట్ల వరుసను చూస్తే ఒక క్రమం కనబడుతుంది. శక్తి పెరిగే కొద్దీ మొదట పక్షికి మేలు జరుగుతుంది, ఎందుకంటే చావు తొందరగా వస్తుంది. ఒక హద్దు దాటాక శక్తి పక్షికి గానీ వేటగాడికి గానీ ఏ మేలూ చేయదు. మాంసాన్ని చెడగొట్టడానికీ, పక్షిని దాటి అవతలికి పోవడానికీ ఖర్చవుతుంది. టర్కీ కోడి విషయంలో ఆ హద్దు .22 మాగ్నమ్‌కూ హార్నెట్‌కూ మధ్య ఎక్కడో ఉంది. కిలో పక్షులకు అది .22 లాంగ్ రైఫిల్ దగ్గరే వచ్చేస్తుంది. ఎక్కువ శక్తి ఉంటే గురి కాస్త తప్పినా పని జరుగుతుందని కొందరు వాదిస్తారు. ఆ మాట జింకకు కొంత వర్తించవచ్చు, పక్షికి వర్తించదు. పిడికెడు చోటు తప్పిన గుండు ఎంత బలమైనదైనా రెక్కనో కాలినో విరగ్గొడుతుందే తప్ప పక్షిని నిలబెట్టి చంపదు. గురిలో లోటును శక్తి పూడ్చలేదు.

గుండు నిర్మాణం, సీసం

ఒకే తూటాలో రకరకాల గుండ్లు దొరుకుతాయి. మెత్తని మొన గుండు ఒంట్లో పువ్వులా విచ్చుకుని పెద్ద దారి తొలుస్తుంది. పూర్తిగా రాగి తొడుగున్న గుండు విచ్చుకోకుండా సన్న రంధ్రం చేసి అవతలికి పోతుంది. హార్నెట్ వాడేవారిలో చాలామంది మాంసం కోసం రెండోదాన్ని ఎంచుకునేవారు. ఇక్కడే వేటగాడి రెండు బాధ్యతలు ఒకదానికొకటి అడ్డం తిరుగుతాయి. మాంసాన్ని కాపాడే గుండు పక్షిలో ఆగదు, దాని వెనకనున్నదాన్ని ప్రమాదంలో పెడుతుంది. పక్షిలో ఆగే గుండు మాంసాన్ని చెడగొడుతుంది. ఇంకో చిక్కు సీసంతో వస్తుంది. పగిలిన సీసపు ముక్కలూ, నేలరాలిన రవ్వలూ తినే మనిషికీ, కళేబరాన్ని తినే రాబందుకూ విషమే. కాలిఫోర్నియా కాండర్ అనే పెద్ద రాబందు అంతరించే దశకు చేరడానికి ఈ విషం ఒక ముఖ్య కారణం. 2019 జులై 1 నుంచి కాలిఫోర్నియా రాష్ట్రమంతటా వేటలో సీసపు తూటాల్ని నిషేధించారు. తూటా ఎంపికలో చంపిన పక్షి తర్వాత ఏమవుతుందన్న ప్రశ్న కూడా భాగమేనని ఈ చట్టం గుర్తించింది.

గుండు ఎక్కడ ఆగుతుంది?

రవ్వల తుపాకీకీ రైఫిలుకూ ఉన్న అసలు తేడా తప్పిన గుండు ప్రయాణంలో ఉంది. నాలుగో నంబరు రవ్వ గాలిలో 250 మీటర్లకు అటూ ఇటూ చచ్చుబడి రాలిపోతుంది. అన్నిటికంటే బలహీనమైన .22 లాంగ్ రైఫిల్ గుండు సరైన కోణంలో ఎత్తి పేలిస్తే రెండు కిలోమీటర్లు దాటి పోగలదు. నేలపక్షి నేలమీదే ఉంటుంది, రాత్రి చెట్టెక్కి పడుకుంటుంది. చెట్టుమీది పక్షిని రైఫిలుతో కొట్టడమంటే ఆకాశంలోకి గుండు వదలడమే. దాని వెనక మట్టి గట్టు గానీ కొండ వాలు గానీ లేనప్పుడు ఏ తూటాకూ సరైన ఎంపిక అన్న పేరు తగదు. టర్కీ వేటలో ఈ ప్రమాదం ఇంకో రకంగా హెచ్చుతుంది. వేటగాడు ఆకుల రంగు బట్టలు తొడిగి, చెట్టు మొదట్లో కదలకుండా కూచుని, పెట్టకోడిలా కూతపెట్టి పుంజును పిలుస్తాడు. ఆ కూతకు పుంజు వచ్చినట్లే మరో వేటగాడూ రావచ్చు. పుంజు తల మీద కనబడే ఎరుపు, తెలుపు, నీలం రంగుల్ని ఒంటి మీద వేసుకోవద్దని శిక్షకులు పదేపదే చెప్పేది ఈ భయం వల్లే.

అమెరికా రాష్ట్రాల నిబంధనల్లో ఈ ఆలోచన స్పష్టంగా కనబడుతుంది. అక్కడి చాలా రాష్ట్రాల్లో వసంతకాలపు టర్కీ వేటకు రైఫిలు పనికిరాదు. బయళ్లు ఎక్కువున్న టెక్సాస్ చాలా కౌంటీల్లో రైఫిలును అనుమతిస్తుంది కానీ, అడవులు దట్టంగా ఉన్న తూర్పు కౌంటీల్లో వసంతకాలంలో షాట్‌గన్‌కూ విల్లుకూ పరిమితం చేస్తుంది. ఒకే రాష్ట్రంలో, ఒకే పక్షికి, నేల తీరును బట్టి తుపాకీ మారుతోందన్నమాట. పెన్సిల్వేనియా 2021లో శరత్కాలపు టర్కీ వేటలో రైఫిళ్లను నిషేధించింది. అందుకు కారణం పక్షుల సంఖ్య తగ్గడం. దూరం నుంచి సులువుగా కొట్టే ఆయుధాన్ని తీసేస్తే చచ్చే పక్షులు తగ్గుతాయని ఆ రాష్ట్రపు వేట కమిషన్ భావించింది. ఒక తూటా మంచిదా కాదా అన్నది ఒక్క పక్షిని చూసి తేలదు, మొత్తం మందను చూసి తేలుతుంది అన్న సూత్రం ఇక్కడ అధికారికంగా అమలైంది.

దక్షిణాది నేలలో పక్షివేట

బి. మల్లాపురం ధర్మపురి జిల్లాలో ఒక చిన్న పట్టణ పంచాయతీ. సేలం, జోలార్‌పేట రైలు దారిలో ఉన్న బొమ్మిడి స్టేషను ఇక్కడిదే. ఒక పక్క సేర్వరాయన్ కొండలు, తూర్పున చిత్తేరి కొండలు. తాలూకా కేంద్రమైన పాపిరెడ్డిపట్టి పేరులోనే రెడ్డి ఉంది, ఈ సీమలో తెలుగు ఎంత లోతుగా కలిసిందో ఆ పేరే చెబుతుంది. ఇక్కడ అడవి టర్కీ కోడి లేదు. తమిళంలో వాన్‌కోళి అని పిలిచే పెంపుడు టర్కీ దొడ్లలో కనిపిస్తుంది. అడవిలో దాని స్థానాన్ని నిలబెట్టేవి నెమలి, అడవికోడి, కౌజు. తుపాకీ ఎంపిక అనే ప్రశ్న ఇక్కడ నిన్నమొన్నటిది కాదు. బ్రిటిష్ హయాంలో దక్కన్ మైదానాల్లో బట్టమేకపక్షిని దొరలు రైఫిళ్లతోనూ షాట్‌గన్‌లతోనూ కొట్టేవారు. రాబర్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే ఆంగ్లేయుడు 1809, 1829 మధ్య అహ్మద్‌నగర్ ప్రాంతంలో 961 బట్టమేకల్ని చంపినట్లు నమోదైంది. పది కిలోలు దాటి తూగే ఆ పక్షి టర్కీ కోడికి సాటి వచ్చేది. 1988లో దానికోసం కర్నూలు ప్రాంతపు రోళ్లపాడులో అభయారణ్యం ఏర్పడేనాటికే అది అరుదైపోయింది. ఇవాళ దేశం మొత్తంలో 150 కూడా లేవు. ఏటా ఒకే గుడ్డు పెట్టే పక్షి మీద తుపాకీ ఎంత సున్నితమైనదైనా ఎక్కువే అవుతుందని ఆ పక్షి చరిత్ర నిరూపించింది.

సామాన్యుడి చేతిలో ఉన్నది మరో ఆయుధం. గొట్టం మూతి నుంచి తుపాకీ మందు, పీచు, సీసపు గుండ్లు దట్టించి పేల్చే నాటు తుపాకీ అది. తమిళనాట నరికురవలు, తెలుగునాట నక్కలవాళ్లు ఈ తుపాకీతోనూ, వలలతోనూ, ఉచ్చులతోనూ పక్షుల్ని పట్టి బతికారు. ఈ తుపాకీ నూరు గజాలు అందుకోలేదు, ఒక్కసారి పేలిస్తే మళ్లీ దట్టించడానికి నిమిషం పైనే పడుతుంది, వానలో తడిస్తే పేలదు. ఆ బలహీనతే ఒకప్పుడు అడవికి రక్షణ. మరోవైపు భద్రత లేని గొట్టం చేతిలోనే పగిలే ప్రమాదం ఉంది, విచ్చలవిడిగా చెదిరే గుండ్లు పక్షిని గాయపరిచి వదిలేస్తాయి. ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారయ్యే .315 స్పోర్టింగ్ రైఫిలు మన దేశంలో లైసెన్సు మీద ఎక్కువగా కనబడే రైఫిలు, కానీ అది పంది, దుప్పి స్థాయి జంతువులకు తగిన శక్తి గలది. ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ 12 బోరు తూటాలు షాట్‌గన్ యజమానులకు పరిచయమైనవి. మధ్యస్థంగా, పక్షికి సరిగ్గా సరిపోయే హార్నెట్ వంటిది మన బజారులో ఎన్నడూ సామాన్యుడికి అందలేదు.

చట్టం చేసిన ఎంపిక

పక్షికి తుపాకీ ఎంపికలో చట్టం జోక్యం కొత్తది కాదు. 1887లో, ఆ తర్వాత 1912లో బ్రిటిష్ ప్రభుత్వం అడవి పక్షుల రక్షణకు చట్టాలు చేసింది. 1912 చట్టం పట్టికలో నెమలి, అడవికోడి, కౌజు, బట్టమేక ఉన్నాయి. అప్పుడు ఇచ్చిన రక్షణ గుడ్లుపెట్టే కాలానికి పరిమితం. 1963లో నెమలి జాతీయ పక్షి అయింది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూలులో పెట్టింది. ఈ చట్టం దృష్టిలో వేట అంటే చంపడమే కాదు, పట్టడం, ఉచ్చు వేయడం, గాయపరచడం, గుడ్లు చెడగొట్టడం కూడా. మొదటి షెడ్యూలు ప్రాణిని వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25,000 రూపాయలు. కాబట్టి ధర్మపురిలో నెమలికి ఏ తూటా తగినది అన్న ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు ఒక్కటే: ఏదీ కాదు.

ఆయుధాల చట్టం సంగతి ఇంకా ఆసక్తికరం. 1959 నాటి ఆ చట్టం 13వ సెక్షన్‌లో, రక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని నున్న గొట్టపు తుపాకీకి, పంట కాపాడుకోవడానికి మూతి నుంచి దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వడంలో ఉదారంగా ఉండమని చెప్పారు. రైఫిలుకు మాత్రం తగిన కారణం చూపమన్నారు. అంటే రైతుకు కావలసింది దగ్గర్లో ఆగిపోయే దెబ్బ అనీ, కిలోమీటర్లు పోయే గుండు కాదనీ శాసనకర్తలు గుర్తించారు. గురి, హద్దు, ఆగే చోటు అనే మూడు కొలతలూ ఆ సెక్షన్‌లో మాటలకెక్కకుండానే ఇమిడి ఉన్నాయి.

అభ్యంతరాలు, సమాధానాలు

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది రైతుది. నెమళ్లు పెరిగాయి, విత్తిన గింజ ఏరుకుతింటున్నాయి, టమాటా, వేరుశనగ చేలు పాడుచేస్తున్నాయి, చిన్న తూటాతో నాలుగింటిని కొడితే తప్పేమిటి? రైతు నష్టం నిజం, దాన్ని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. అయితే పంట నష్టానికి ఆయుధంతో జవాబు చెప్పినప్పుడు ఎవరు చస్తున్నారో ధర్మపురి జిల్లాయే చూపింది. 2023 మార్చిలో మారండహళ్లి దగ్గర పొలానికి అక్రమంగా పెట్టిన కరెంటు కంచె తగిలి మూడు ఏనుగులు చనిపోయాయి, రెండు పిల్లలు తల్లులు లేనివయ్యాయి. పంట పాడుచేసే జంతువుకు పెట్టిన ఉచ్చు తేడా చూడలేదు. ఇళ్లు, బావులు, మామిడి తోటలు, బడికి పోయే పిల్లలు కలగలిసిన పల్లెలో వదిలిన గుండు కూడా చూడదు. చట్టం ప్రకారం పంటకు ప్రమాదమైతే షెడ్యూలు రెండు జంతువుల విషయంలో అనుమతి ఇవ్వవచ్చు, మొదటి షెడ్యూలు ప్రాణికి పంట నష్టం కారణం సరిపోదు. అడవిపంది విషయంలో తమిళనాడు 2025 జనవరిలో తీసుకున్న నిర్ణయం కూడా రైతు చేతికి తుపాకీ ఇవ్వలేదు. అడవి హద్దుకు 3 కిలోమీటర్ల అవతల, శిక్షణ పొందిన అటవీ సిబ్బంది చేత మాత్రమే కాల్పించాలంది. నెమలి విషయంలో రైతుకు దక్కాల్సింది సకాలంలో నష్టపరిహారం, వలలు, విత్తన రక్షణ. వీటిని ఇవ్వకుండా చట్టం గురించి మాత్రమే మాట్లాడటం అన్యాయం.

రెండో అభ్యంతరం పేదవాడిది. తరతరాలుగా పక్షి పట్టి బతికినవాణ్ని నేరస్థుణ్ని చేసి, చట్టం ఎవరిని కాపాడుతోంది? ఈ ప్రశ్న చిత్తేరి కొండల కింద మరీ బరువుగా వినిపిస్తుంది. 1992 జూన్ 20న గంధపు చెక్క వెతికే పేరుతో వాచాత్తి అనే గిరిజన గ్రామం మీద పడిన అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఆ గిరిజనుల మీద చేసిన దౌర్జన్యానికి, 2011 సెప్టెంబరు 29న ధర్మపురి కోర్టు అప్పటికి బతికున్న 215 మంది నిందితులనూ దోషులుగా తేల్చింది. 2023లో మద్రాసు హైకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. కంచే చేను మేస్తే అడవి ఎవరిదన్న ప్రశ్న ఆ ఊరు ఎప్పటికీ అడుగుతూనే ఉంటుంది. అయితే ఈ చరిత్ర చట్టాన్ని న్యాయంగా అమలు చేయమని చెబుతుంది తప్ప పక్షిని కాపాడొద్దని చెప్పదు. నాటు తుపాకులు తమంతట తాము అప్పగించమని ఊళ్లకు వెళ్లి అడగడం, అప్పగించినవారి మీద కేసు పెట్టకపోవడం మెరుగైన దారి. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో మొదలైన ఎయిర్‌గన్ అప్పగింత ఉద్యమంలో వేల తుపాకులు అలాగే చేతులు మారాయి. నరికురవలకు 2023లో తమిళనాడులో షెడ్యూల్డు తెగ హోదా దక్కింది. అడవి మూసుకుపోయినవారికి బడి, ఉద్యోగం తెరవడం ఆ మూతకు ప్రభుత్వం కట్టాల్సిన మూల్యం.

మూడో అభ్యంతరం గాలి తుపాకీది. 20 జౌల్స్ దాటని, 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అక్కర్లేదు కదా, దానితో పిట్టను కొడితే ఏమిటి? లైసెన్సు అక్కర్లేకపోవడం ఆయుధానికి సంబంధించిన మాట, వేట వేరే మాట. వన్యప్రాణి చట్టం దృష్టిలో గులేరుతో కొట్టినా నేరమే. అరుణాచల్ అడవుల్లో పక్షుల కిలకిల తగ్గడానికి ఈ చిన్న తుపాకులే కారణమని అక్కడివారే గుర్తించడం వల్ల ఆ ఉద్యమం పుట్టింది.

నాలుగోది అన్నిటికంటే బలమైనది. అమెరికాలో టర్కీ కోడిని కాపాడింది వేటగాళ్లే కదా? నిజమే. 1930ల నాటికి రెండు లక్షలకు పడిపోయిన ఆ పక్షి ఇప్పుడు అరవై లక్షల పైన ఉంది. 1937 పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం రైఫిళ్ల మీద, తూటాల మీద అప్పటికే ఉన్న పన్ను సొమ్మును వన్యప్రాణులకు మళ్లించింది. 1973లో స్థాపించిన జాతీయ అడవి టర్కీ సమాఖ్య పక్షుల్ని పట్టి ఖాళీ అడవులకు తరలించడానికి తోడ్పడింది. కానీ అక్కడ వేట కోసం పక్షుల్ని లెక్కపెడతారు, ఒక్కో వేటగాడికి ఇన్నేనని చీటీ ఇస్తారు, వసంతంలో జత కట్టడం ముగిసే వేళకు చాలాచోట్ల పుంజుల్నే కొట్టనిస్తారు. ఒక పుంజు పోయినా గూళ్లు తగ్గవన్న జీవశాస్త్రం దాని వెనక ఉంది. పెన్సిల్వేనియాలో లాగా సంఖ్య తగ్గిన మరుక్షణం ఆయుధాన్నే మారుస్తారు. ఆ యంత్రాంగం లేకుండా ఆ వేటను మాత్రం తెచ్చుకుంటే, మిగిలేది మాన్స్‌ఫీల్డ్ లెక్కల పుస్తకమే.

వేటగాడి విద్యకు మిగిలిన చోటు

తుపాకీ దించితే వేటగాడి తెలివి వృథా అవుతుందనుకోవడం పొరపాటు. ఏ పక్షి ఏ వేళకు ఏ పొదలో ఉంటుందో, ఏ కూతకు పలుకుతుందో తెలిసిన చూపు ఏ తూటా కంటే విలువైనది. 1848లో ప్రకృతి శాస్త్రవేత్త జెర్డన్ కనుగొన్న కలివి కోడి అనే పక్షిని తర్వాత దశాబ్దాల పాటు ఎవరూ చూడకపోవడంతో అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల పొదల్లో దాన్ని మళ్లీ పట్టి ప్రపంచానికి చూపించింది ఐతన్న అనే ఊరి వేటగాడు. బొంబాయి సహజ చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ పరిశోధనకు ఆ చేతులే ఆధారమయ్యాయి. ఎన్నో ఏళ్ల శాస్త్రం చేయలేని పనిని తరాల వేట విద్య చేసింది. మాంసం కోసం టర్కీ కావలసినవారికి చెన్నై నందనంలోని పౌల్ట్రీ పరిశోధన కేంద్రం తీర్చిదిద్దిన నందనం టర్కీ 1 ఉంది, దొడ్లో పెంచుకోవచ్చు. గురి కావలసినవారికి అదే .22 లాంగ్ రైఫిల్ తూటా 50 మీటర్ల ఒలింపిక్ పోటీలో ఉంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచాడు. కాగితం మీది చుక్కను కొట్టడంలో ఉన్న కష్టం పిడికెడు పక్షి గుండెను కొట్టడం కంటే తక్కువది కాదు.

మొదట వేసుకున్న కొలత దగ్గరికి తిరిగి వస్తే దాని అర్థం ఇప్పుడు తేటపడుతుంది. టర్కీ వేటలో హార్నెట్‌కు పైమెట్టు ఎక్కొద్దని చెప్పిన నియమమూ, చెట్టు మీది పక్షి వైపు రైఫిలు ఎత్తొద్దని చెప్పిన నియమమూ, కాలిఫోర్నియా సీసాన్ని, పెన్సిల్వేనియా రైఫిలును తీసేసిన నియమమూ ఒకే దిశలో నడుస్తున్నాయి. ప్రతి మెట్టులోనూ మంచి వేటగాడు తన చేతిలోంచి కొంత శక్తిని వదులుకుంటున్నాడు. సేర్వరాయన్ కొండల కింద, ఇళ్లూ చేలూ అడవీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్న బి. మల్లాపురంలో ఆ వదులుకోవడం చివరి మెట్టుకు చేరుతుంది. కుమారస్వామి వాహనమని మొక్కే పక్షి చేల గట్ల మీద నడిచే చోట తూటా డబ్బాలోనే ఉండిపోవడం, టర్కీ వేటగాడు నూరేళ్లుగా నేర్చుకున్న పాఠానికి కొనసాగింపే.